బోటు కొనకుండా బోటు నడపడం: డాలస్ చెరువుల మీద క్లబ్బు సభ్యత్వంపై ఒక సమీక్ష

డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, లిటిల్ ఎల్మ్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు లేక్ లూయిస్‌విల్ ఒడ్డు బాగా పరిచయమైన చోటు. పిల్లల పుట్టినరోజులు, కార్తీక మాసపు వనభోజనాలు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో సాయంత్రపు నడకలు ఆ ఒడ్డునే జరుగుతూ వచ్చాయి. ఒడ్డు దాటి నీటి మీదికి వెళ్లినవాళ్లు మాత్రం మొన్నమొన్నటి దాకా చాలా తక్కువ. ఇప్పుడు నాకు తెలిసినవాళ్లలోనే పలువురు శనివారం పొద్దున్నే పాంటూన్ బోటు (గొట్టాల మీద తేలే చదునైన బోటు) తీసుకుని చెరువు మధ్యకు వెళ్తున్నారు. వాళ్లలో సొంత బోటు ఉన్నవాళ్లు ఒకరిద్దరికి మించరు. తక్కినవాళ్లందరూ బోటు క్లబ్బులో సభ్యత్వం తీసుకున్నవాళ్లే. నేనూ అలాంటి ఒక క్లబ్బులో సభ్యుణ్ణి. ఆ సేవ ఎలా ఉంది, ఎవరికి పనికొస్తుంది, అంత డబ్బు పెట్టవచ్చా అని అడిగే మిత్రులు ఈ మధ్య ఎక్కువ కావడంతో కాస్త వివరంగా రాస్తున్నాను. నేను చేరిన క్లబ్బు పేరు మాత్రం ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయే మంచిచెడ్డల్లో చాలా భాగం ఈ పద్ధతిలోనే ఉన్నవి కాబట్టి, మీరు ఏ క్లబ్బు గడప తొక్కినా అవి ఎదురయ్యే అవకాశం ఉంది.

పద్ధతి ఇలా ఉంటుంది. చేరేటప్పుడు ఒకసారి కొన్ని వేల డాలర్ల ప్రవేశ రుసుము కడతాం. ఆ తర్వాత నెలనెలా కొన్ని వందల డాలర్ల చందా ఉంటుంది. బోట్లు క్లబ్బువి. వాటి బీమా, మరమ్మతు, డాక్ (ఒడ్డున బోటు కట్టే వేదిక) అద్దె, కడగడం, చలికాలంలో ఇంజను పాడవకుండా చూసుకోవడం అన్నీ క్లబ్బు బాధ్యతే. ఫోన్‌లోని యాప్‌లో రోజు, పూట, బోటు రకం ఎంచుకుని బుక్ చేసుకుంటే, చెప్పిన సమయానికి బోటు డాక్ దగ్గర సిద్ధంగా ఉంటుంది. తిరిగి వచ్చాక వాడిన పెట్రోలుకు డబ్బు కట్టి ఇంటికి వెళ్లిపోవచ్చు. ఈ పద్ధతిని దేశమంతటా వ్యాపింపజేసిన ఫ్రీడమ్ బోట్ క్లబ్ 1989లో ఫ్లోరిడాలోని సారసోటాలో మొదలైంది. ఇప్పుడు దానికి 400కు పైగా కేంద్రాలున్నాయి. 2019లో దాన్ని బ్రన్స్‌విక్ కార్పొరేషన్ కొనుక్కుంది. మెర్క్యురీ ఇంజన్లు, సీ రే, బోస్టన్ వేలర్, బేలైనర్ బోట్లు ఆ సంస్థవే. బోట్లు, ఇంజన్లు అమ్మడమే వృత్తిగా ఉన్న కంపెనీ, బోటు కొనే అవసరమే లేదని ప్రచారం చేసే క్లబ్బును ఎందుకు కొన్నదో ఆలోచిస్తే ఈ వినోదం ఏ దారిన పోతున్నదో తెలిసిపోతుంది.

అమెరికాలో సరదా కోసం బోటు కొనడం చేతిలో డబ్బు ఆడుతున్నప్పుడు జరిగే పని. కాలం కొంచెం బిగిసిందంటే ఇంట్లో మొట్టమొదట వాయిదా పడే కొనుగోలు ఇదే. 1991లో లక్ష డాలర్లు దాటిన బోట్ల మీద, దాటిన మొత్తానికి పది శాతం చొప్పున విలాస పన్ను వేశారు. అసలే మాంద్యంలో ఉన్న పరిశ్రమ మరింత కుంగి, బోట్ల కర్మాగారాల్లో పనిచేసేవాళ్లు ఉపాధి కోల్పోవడంతో 1993లో ఆ పన్నును ఎత్తేశారు. సంపన్నుల మీద వేశామనుకున్న భారం చివరికి ఫైబర్‌గ్లాస్ పనివాళ్ల మీద పడిందన్నది అప్పటి అనుభవం. 2008 ఆర్థిక సంక్షోభంలో అమ్మకాలు మళ్లీ పడిపోయాయి. కోవిడ్ వచ్చిన 2020లో దీనికి పూర్తిగా విరుద్ధంగా జరిగింది. విమానాలు, సినిమా హాళ్లు, హోటళ్లు మూతపడితే జనం నీటి మీదికి వెళ్లారు. ఆ ఒక్క ఏడాదిలో 3,10,000కు పైగా కొత్త పవర్ బోట్లు అమ్ముడయ్యాయని, 2008 తర్వాత అంతటి అమ్మకాలు లేవని, 4,15,000 మంది జీవితంలో మొదటిసారి బోటు కొన్నారని తయారీదారుల సంఘమైన ఎన్.ఎం.ఎం.ఏ. ప్రకటించింది.

ఆ ఊపు ఎంతోకాలం నిలవలేదు. 2022 మార్చిలో దాదాపు సున్నా దగ్గర ఉన్న అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేటు 2023 జూలై నాటికి 5.25–5.50 శాతానికి చేరింది. బోటు అప్పులు పదేళ్లకూ పదిహేనేళ్లకూ, కొన్ని అంతకన్నా ఎక్కువ కాలానికీ ఇస్తారు కాబట్టి ఒక్కొక్క శాతం పెరుగుదలా నెలవారీ వాయిదాలో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దాని మీద 2025లో దిగుమతి అల్యూమినియంపై సుంకం మార్చిలో 25 శాతానికి, జూన్‌లో 50 శాతానికి పెరిగింది. మనవాళ్లు ఎక్కువగా ఇష్టపడే పాంటూన్ బోటును నీటి మీద తేల్చే పొడవాటి గొట్టాలు, వాటి మీది చట్రం, చుట్టూ ఉండే కంచె అన్నీ అల్యూమినియమే అని గుర్తుపెట్టుకుంటే ఈ సుంకం ఎవరి జేబును తాకుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

సొంత బోటు ఖర్చు గురించి నా మిత్రులకు ఉన్న అంచనా సాధారణంగా దాని ధర దగ్గరే ఆగిపోతుంది. మధ్యరకం కొత్త పాంటూన్ ఇంజనుతో సహా యాభై వేల డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. మంచి ఇంజను, అందమైన సీట్లు అడిగితే ఇంకా పైకి పోతుంది. ఆ తర్వాత ఏటేటా ధరలో పది శాతం దాకా నిర్వహణకు పక్కన పెట్టుకోవాలన్నది అనుభవజ్ఞులు చెప్పే లెక్క. హెచ్.ఓ.ఏ. (ఇళ్ల యజమానుల సంఘం) ఉన్న కాలనీల్లో ఇంటి ముందు ట్రైలర్ మీద బోటు పెట్టనివ్వడం అరుదు కాబట్టి మరీనాలో, అంటే బోట్లు నిలిపే రేవులో, చోటు అద్దెకు తీసుకోవాలి. ఆ మరీనాల యాజమాన్యం కూడా మారిపోతోంది. దేశంలో అత్యధిక మరీనాలున్న సేఫ్ హార్బర్ మరీనాస్ మన డాలస్ కంపెనీయే. 2020లో సన్ కమ్యూనిటీస్ చేతికి వెళ్లిన ఆ సంస్థను 2025లో పెట్టుబడుల సంస్థ బ్లాక్‌స్టోన్ 565 కోట్ల డాలర్లకు కొన్నది. ఒకప్పుడు తండ్రీకొడుకులు నడుపుకున్న రేవులు ఇలా పెట్టుబడి నిధుల చేతికి పోతుంటే, డాక్ అద్దె ఏటా ఎంత పెరుగుతుందో తేల్చేది ఆ నిధుల లాభాల లెక్కే. ఇవన్నీ కలిపితే సొంత బోటు ఖర్చు తడిసి మోపెడవుతుంది. తాతల నాటి నుంచి చెరువు పక్కనే ఇల్లున్న కుటుంబానికి ఇది భరించదగ్గ అలవాటు కావచ్చు. మనకు అది మొదటి తరం సాహసం.

మన పరిస్థితిలో మరొక విషయం ఉంది, దాని గురించి బోటు వ్యాపారులు ఎవరూ మాట్లాడరు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి సాధారణంగా ఉండే గడువు 60 రోజులు. 2022 చివరి నుంచి ఐటీ కంపెనీల్లో వరసగా జరిగిన తొలగింపులను చూసినవాళ్లెవరూ గ్రీన్ కార్డు చేతికి రాకుండా పదిహేనేళ్ల బోటు అప్పు నెత్తిన పెట్టుకోరు. అందుకే ఇల్లు, కారు దాకా అప్పుకు వెనుకాడని మనవాళ్లు మిగతా సరదాలను నెలవారీ చందాల రూపంలో కోరుకుంటున్నారు. పైగా శనివారం కూచిపూడి తరగతి, ఆదివారం క్రికెట్ కోచింగ్, మధ్యలో ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం. అన్నీ పోగా ఖాళీగా మిగిలే వారాంతాలు ఎన్నో చూసుకుంటే, అంత తక్కువసార్లు వాడే వస్తువును సొంతం చేసుకోవడం కన్నా పంచుకోవడమే న్యాయంగా తోస్తుంది. డబ్బు లెక్కలో సభ్యత్వానికి నేను పూర్తి మార్కులు ఇస్తాను, ఒక్క షరతుతో. నెలకు కనీసం ఒకటి రెండుసార్లు వెళ్లగలిగినవాళ్లకే ఈ లెక్క సరిపోతుంది. మార్చి నుంచి అక్టోబరు దాకా ఇక్కడ బోటుకు అనువైన కాలం. మిగతా నెలల్లో కూడా చందా కడుతూనే ఉంటాం.

ఇక ఫిర్యాదులు. మొదటిది వారాంతపు కరువు. మంగళవారం మధ్యాహ్నం ఏ బోటు కావాలంటే ఆ బోటు దొరుకుతుంది. జూన్, జూలై నెలల్లో శనివారం పొద్దుటి పూట కావాలంటే మాత్రం చాలా ముందుగానే యాప్ ముందు కూర్చోవాలి, అప్పటికీ దొరకవచ్చు, దొరకకపోవచ్చు. ముందస్తు బుకింగులు ఒక సభ్యుడి పేరున ఒకేసారి కొన్ని మాత్రమే ఉండాలని చాలా క్లబ్బులు పరిమితి పెడతాయి. ఫ్రీడమ్ క్లబ్బులో ఆ పరిమితి నాలుగు. ఒకటి వాడాక మరొకటి తీసుకోవాలి. ఈ నియమం న్యాయమైనదే, లేకపోతే కొద్దిమందే వేసవి మొత్తాన్ని ముందే పట్టేసుకుంటారు. నా అభ్యంతరం అది కాదు. ఒక్కో బోటుకు ఎంతమంది సభ్యులున్నారన్న సంఖ్యను నా క్లబ్బు ఒప్పందంలో ఎక్కడా రాయలేదు. నోటిమాటగా ఒక సంఖ్య చెప్పారు. కాగితం మీద పెట్టమంటే మాట దాటేశారు. కొత్త సభ్యుల ప్రవేశ రుసుము మీద ఆదాయం వస్తుంటే వాళ్లను చేర్చుకోవాలన్న ఆశ సహజంగానే ఉంటుంది. కొత్త బోటు కొనాలంటే మాత్రం క్లబ్బుకు కూడా నేను పైన చెప్పిన ధరలే, వడ్డీలే అడ్డొస్తాయి. ఈ రెండింటి మధ్య నలిగేది సభ్యుడి శనివారం. ఈ ఒక్క సంఖ్యను ఒప్పందంలో రాసి, దాటితే చందా తగ్గిస్తామని హామీ ఇచ్చే క్లబ్బు ఉంటే దూరం ఎక్కువైనా అక్కడే చేరమంటాను. అదీగాక బోటుకు గీత పడితే సభ్యుడు భరించాల్సిన మొత్తం, ఏడాదికోసారి చందా పెంచే హక్కు, మధ్యలో మానుకుంటే వర్తించే షరతులు చిన్న అక్షరాల్లో ఉంటాయి. సంతకానికి ముందు వాటిని తీరిగ్గా చదవాలి.

ఇంతవరకు చెప్పినది డబ్బు సంగతి. నా దృష్టిలో ఈ సేవను బేరీజు వేయవలసింది దానితో కాదు. క్లబ్బు మనకు అమ్మే అసలు సరుకు శిక్షణ. ఆ సరుకు నాణ్యత మీదనే ఈ వినోదం మనలాంటి కొత్తవాళ్లకు నిలుస్తుందా, ప్రమాదాల జాబితాగా మిగులుతుందా అన్నది ఆధారపడి ఉంది.

టెక్సస్ చట్టం ఈ విషయంలో మనకు తెలియకుండానే ఒక గుంట తవ్వి పెట్టింది. 15 హార్స్‌పవర్‌కు మించిన బోటు నడపాలంటే 1993 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు బోటింగు భద్రతా కోర్సు పూర్తి చేసి ఉండాలి. అంతకుముందు పుట్టినవాళ్లకు ఆ నిబంధన లేదు. వయసులో పెద్దవాళ్లు చిన్నప్పటి నుంచి తండ్రి పక్కన కూర్చుని ఎలాగూ నేర్చుకుని ఉంటారన్న నమ్మకంతో చేసిన మినహాయింపుగా ఇది కనిపిస్తుంది. ఇక్కడ పుట్టి పెరిగిన కుటుంబాల విషయంలో ఆ నమ్మకం చాలావరకు నిజమే. గుంటూరులోనో కరీంనగర్‌లోనో 1984లో పుట్టి, ఈత కూడా సరిగా రాని మనిషి నలభయ్యవ ఏట మొదటిసారి స్టీరింగు పట్టుకుంటే అతనికీ ఆ మినహాయింపు వర్తిస్తుంది. అతను కోర్సు చేయనక్కర్లేదని చట్టం అంటుంది. అతనికే అది అందరికన్నా ఎక్కువ అవసరం. కాలిఫోర్నియాలో ఈ తేడా లేదు: అక్కడ వయసులవారీగా అమలుచేస్తూ వచ్చిన బోటర్ కార్డు (భద్రతా శిక్షణ పూర్తిచేసినట్టు చూపే కార్డు) నిబంధన 2025 జనవరి 1 నుంచి ఇంజను బోటు నడిపే అన్ని వయసులవాళ్లకూ వర్తిస్తోంది. వలస కుటుంబాలు బోటింగులోకి వస్తున్న ఈ రోజుల్లో టెక్సస్ కూడా ఆ దారి పట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. అప్పటిదాకా ఆ గుంటను పూడ్చగలిగింది క్లబ్బులే, వాళ్లు తలచుకుంటే.

నా క్లబ్బులో శిక్షణ రెండు భాగాలు. ఆన్‌లైన్ పాఠాలు, ఆ తర్వాత నీటి మీద కెప్టెన్‌తో ఒక పూట. ఆ పూటలో నేర్పిన కెప్టెన్ విశ్రాంత నావికుడు, ఓపిక గల మనిషి, ఆయన మీద నాకు ఎంతో గౌరవం. చెరువు మధ్యలో బోటు నడపడం ఎవరికైనా నిమిషాల్లో వస్తుంది. కష్టమంతా డాక్ దగ్గరే. పాంటూన్ అడుగు నీటిలోకి పెద్దగా దిగదు, పైన కంచె, గొడుగు కలిసి గాలికి పెద్ద గోడలా అడ్డం పడతాయి. ఇక్కడ వసంతంలో దక్షిణపు గాలి బలంగా వీస్తుంది. ఆ గాలిలో డాక్ వైపు నెమ్మదిగా వెళ్తుంటే బోటు ముక్కు పక్కకు కొట్టుకుపోతుంది, భయపడి ఇంజను పెంచితే నేరుగా వెళ్లి చెక్కలకు గుద్దుకుంటుంది. ఆయన నేర్పిన కిటుకు ఇది. గేరు వేసి ఒక్క క్షణం ముందుకు, మళ్లీ న్యూట్రల్. మళ్లీ ఒక్క క్షణం, మళ్లీ న్యూట్రల్. డాక్‌ను ఏ వేగంతో గుద్దినా ఫర్వాలేదనిపిస్తుందో ఆ వేగానికి మించి దగ్గరకు పోకూడదు. గాలికి ఎదురుగా రావాలి, గాలిని వెనక పెట్టుకుని రాకూడదు. చేత్తో గానీ కాలితో గానీ బోటును ఆపబోకూడదు, అది బోటు పక్కన వేలాడే మెత్తటి ఫెండర్ల పని. తాడును డాక్ మీది క్లీటుకు (తాడు కట్టే కొక్కేనికి) చుట్టే పద్ధతిని నా చేత పదే పదే చేయించాడు. ఒక పూటలో ఇంత నేర్పడం గొప్పే, కానీ ఒక పూట చాలదు. మరో రెండు పూటలు, అందులో ఒకటి గాలి ఉన్న రోజున, తప్పనిసరి చేయాలి. అదనపు పాఠం కావాలంటే ఇస్తారు. అడగాలన్న సంగతి కొత్తవాళ్లకు తెలియదు, చెప్పేవాళ్లూ లేరు.

ఈ పట్టుదల ఎందుకంటే లెక్కలు కళ్ల ముందున్నాయి. అమెరికా కోస్ట్ గార్డ్ నివేదికల ప్రకారం 2019లో 613గా ఉన్న బోటింగు మరణాలు, కొత్తవాళ్లు వెల్లువలా వచ్చిన 2020లో 767కు పెరిగాయి. 2023 నాటికి 564కు తగ్గాయి. మరణ కారణం తెలిసిన కేసుల్లో నాలుగింట మూడు వంతులు మునిగిపోవడం వల్ల జరిగినవే. 2023లో అలా మునిగినవాళ్లలో 87 శాతం మంది ఒంటి మీద లైఫ్ జాకెట్ లేదు. ప్రాణాలు తీసిన ప్రమాదాలకు తెలిసిన కారణాల్లో మద్యానిదే మొదటి స్థానం. అమెరికా చెరువుల్లో, జలపాతాల్లో మన విద్యార్థులు మునిగిపోయారన్న వార్తలు ప్రతి వేసవిలోనూ తెలుగు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. ఈతరాని జనం నీటికి దగ్గరవుతున్నప్పుడు అద్దె యాప్ మీద బోటు దొరకడం ఎంత సులువైతే అంత జాగ్రత్త కూడా దానితోపాటే రావాలి.

మా మామగారు తూర్పు గోదావరి మనిషి. నిరుడు వేసవిలో వచ్చినప్పుడు బోటు ఎక్కబోతూ డాక్ మీదే ఆగి, "అల్లుడుగారూ, దీనికి సరంగు ఎవరండీ?" అని అడిగారు. నేనేనని చెబితే కాసేపు నన్నూ బోటునూ మార్చి మార్చి చూసి, "అయితే ముందు ఆ జాకెట్లన్నీ బయటికి తీయండి, పిల్లలకి వేశాకే కదులుదాం" అన్నారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల పర్యాటక బోటు మునిగిన రోజును ఆ జిల్లావాళ్లు మరచిపోలేదు. గోదావరి మీద లాంచీ ఎక్కితే మన ప్రాణం సరంగు చేతిలో, అనుమతులిచ్చిన అధికారుల చేతిలో ఉంటుంది. ఇక్కడ క్లబ్బు బోటులో సరంగూ మనమే, జవాబుదారీ మనమే. అతిథులు ఎవరైనా మామగారి ప్రశ్న అడగడం నేర్చుకోవాలి, అడిగితే సభ్యుడు నొచ్చుకోకూడదు.

జాకెట్ల విషయంలో క్లబ్బు ఇంకా చేయవలసింది ఉంది. టెక్సస్‌లో 26 అడుగులకన్నా చిన్న బోటు కదులుతున్నంతసేపూ 13 ఏళ్లలోపు పిల్లలు జాకెట్ వేసుకునే ఉండాలి. పెద్దవాళ్లకు తలా ఒకటి బోటులో ఉంటే చాలు. అందుకని సీటు కింద దొంతరగా పెట్టేవి మెడలో వేలాడే నారింజ రంగు జాకెట్లు. అవి చీర మీద సరిగా కూర్చోవు. మా అత్తగారు పైట చెంగు నడుముకు బిగించి, నేను సొంతంగా కొన్న మూడు బకిళ్ల జాకెట్ పైన వేసుకుంటేనే అది వదులు కాకుండా నిలిచింది. పెద్దవాళ్ల కోసం ఇలాంటివి నాలుగైదు సైజుల్లో డాక్ దగ్గర ఉంచితే క్లబ్బుకు పెద్ద ఖర్చు కాదు. ఇంజను ఆపే తాడు సంగతి కూడా ఇలాంటిదే. చుట్టలు చుట్టలుగా ఉండే ఆ ఎర్ర తాడు ఒక కొస స్టీరింగు పక్కన స్విచ్చులో, రెండో కొస నడిపేవాడి జాకెట్‌కు ఉండాలి. అతను నీళ్లలో పడితే స్విచ్చు ఊడి ఇంజను ఆగిపోతుంది, తిరిగే ప్రొపెల్లర్ అతని మీదికి రాదు. 26 అడుగులకన్నా చిన్న బోటును వేగంగా నడిపేటప్పుడు దీన్ని తగిలించుకోవాలని 2021 ఏప్రిల్ 1 నుంచి ఫెడరల్ చట్టం ఉంది. దేశంలోని బోట్లలో నూటికి 95 ఈ కొలతకు లోపలివే కాబట్టి ఇది దాదాపు అందరికీ వర్తించే నియమం. అయినా దాన్ని స్టీరింగుకే చుట్టి వదిలేసే సభ్యులను తరచూ చూస్తున్నాను. బయలుదేరేముందు డాక్ సిబ్బంది ఒక్క చూపు చూసి చెబితే చాలు; నా క్లబ్బులో కొందరు చెబుతారు, రద్దీ ఉన్న రోజున ఎవరూ చెప్పరు.

మనుషుల సంగతికి వస్తే, సిబ్బంది మర్యాదగా ఉంటారు. పులిహోర డబ్బాలతో, పన్నెండు మందితో దిగినా ముఖం చిట్లించరు. బోటు మీద రాసి ఉన్న పరిమితికి ఒక్క మనిషి ఎక్కువైనా, చంకలో పసిపిల్ల అయినా సరే, ఒప్పుకోరు. అది మంచి పద్ధతి. సభ్యుల్లో ఎక్కువమంది మనకన్నా ఒక తరం పెద్దవాళ్లు. అమెరికాలో బోటు యజమానుల సగటు వయసు యాభై దాటిపోయిందని పరిశ్రమే ఏళ్లుగా ఆందోళన పడుతోంది. కొత్త జనాన్ని రాబట్టడానికి స్పానిష్ మాట్లాడే కుటుంబాల కోసం 2014లో 'వామోస్ ఎ పెస్కార్' అనే ప్రచారం మొదలుపెట్టారు, 2022లో అన్ని వర్గాలనూ ఆహ్వానిస్తూ 'సీ యూ అవుట్ హియర్' అని మరొకటి. ప్రచారాలు మంచివే. మా ప్రాంతంలో అంతకన్నా పనికొచ్చేది పెద్దవాళ్లకు ఈత నేర్పే తరగతులతో క్లబ్బు చేతులు కలపడం. తెలుగు సంఘాలు క్రికెట్ టోర్నమెంట్ల మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు దీని మీద పెడితే ఎందరో తల్లిదండ్రులు ధైర్యంగా నీటి దగ్గరకు వస్తారు.

విద్యుత్ బోట్ల గురించి చాలామంది అడుగుతున్నారు. మెర్క్యురీ 2023లో ఏవేటర్ పేరుతో విద్యుత్ ఇంజన్లు తెచ్చింది. చిన్న బోట్లకు, నెమ్మదైన ప్రయాణానికి అవి బాగానే ఉంటాయి. నీటిని చీల్చుకుంటూ పోవడానికి కారు కన్నా ఎంతో ఎక్కువ శక్తి కావాలి కాబట్టి పదిమంది ఎక్కే పాంటూన్‌కు ఇప్పట్లో పెట్రోలే గతి. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది నీరే. టెక్సస్‌లోని పెద్ద చెరువులు దాదాపు అన్నీ ఆనకట్టల వెనక నిలిచిన జలాశయాలు. లూయిస్‌విల్ కూడా ట్రినిటీ నది ఎల్మ్ పాయ మీద ఆర్మీ కోర్ (అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం) కట్టిన ఆనకట్ట వల్ల దాదాపు 29 వేల ఎకరాల్లో ఏర్పడింది. నగరాలకు తాగునీరు ఇవ్వడం, వరద ఆపడం వాటి మొదటి పని, సరదాలు ఆ తర్వాతే. ఆస్టిన్ దగ్గరి లేక్ ట్రావిస్ 2023లో కరువుకు అడుగంటి, బోట్లు దింపే ప్రభుత్వ ర్యాంపులు చాలావరకు మూసేశారు. జనాభా ఇంత వేగంగా పెరుగుతున్న రాష్ట్రంలో అలాంటి వేసవి మన చెరువుకూ రావచ్చు. అప్పుడు చందా ఆపుతారా, వేరే చెరువు మీది కేంద్రంలో బోటు ఇస్తారా అన్నది ఒప్పందంలో ఉండాలి. నా ఒప్పందంలో వేరే కేంద్రం వాడుకునే హక్కు ఉంది, చందా ఆపే మాట లేదు.

ఏడాదికి మూడు నాలుగుసార్లకు మించి వెళ్లనివాళ్లు క్లబ్బులో చేరవద్దు. బోట్‌సెటర్, గెట్‌మైబోట్ వంటి యాప్‌లలో కెప్టెన్‌తో సహా బోటు అద్దెకు దొరుకుతుంది. నడిపే బాధ్యత లేకుండా కుటుంబమంతా హాయిగా కూర్చోవచ్చు, నాన్నగారికి చెరువు చూపించడానికి అది చాలు. కెప్టెన్ లేకుండా ఇచ్చే అద్దెలకు మాత్రం బోటింగు ఎన్నడూ చేయనివాళ్లు వెళ్లకూడదు. నెలకు ఒకటి రెండుసార్లు వెళ్లగలిగి, మధ్యలో ఒక సెలవు పెట్టుకుని పనిదినాల్లో కూడా బోటు తీయగలిగినవాళ్లకు, నేర్చుకోవాలన్న ఆసక్తి ఉన్నవాళ్లకు సభ్యత్వం చక్కగా సరిపోతుంది. నా క్లబ్బుకు బోట్ల శుభ్రతలో, సిబ్బంది ప్రవర్తనలో అయిదుకు అయిదు, శిక్షణలో అయిదుకు మూడు, వారాంతపు లభ్యతలో అయిదుకు రెండు ఇస్తాను.

చేరాలని నిశ్చయించుకుంటే ముందు రాష్ట్ర ప్రభుత్వ శాఖ టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ గుర్తించిన భద్రతా కోర్సును, మీరు ఏ సంవత్సరంలో పుట్టినా సరే, ఆన్‌లైన్‌లో పూర్తి చేయండి. ఆ తర్వాత ఒక శనివారం పొద్దున్న క్లబ్బు డాక్ మీద గంటసేపు నిలబడి ఎన్ని బోట్లు వెళ్తున్నాయో, వెళ్లేముందు సిబ్బంది ఏమేం చూస్తున్నారో గమనించండి. అమ్మకపు ప్రతినిధి చెప్పేదానికన్నా అది ఎక్కువ చెబుతుంది. ప్రవేశ రుసుము మీద తగ్గింపులు సాధారణంగా సీజన్ ముగిశాక, అక్టోబరు తర్వాత అడిగితే దొరుకుతాయి. చలికాలంలో చేరితే ఖాళీగా ఉన్న కెప్టెన్ దగ్గర అదనపు పాఠాలు తీసుకునే వీలు కూడా ఉంటుంది. మార్చి రాగానే ఆ తేదీలు నిండిపోతాయి.